నూజివీడు లోడు, మూడింటి నిద్ర

మే నెల. మధ్యాహ్నం రెండు. నూజివీడు శివార్లలో ఒక మామిడి షెడ్డుకి నీ లారీ వెనక్కి ఆనించి ఉంది. క్యాబిన్ తలుపు తెరుస్తావు. లోపలి సెగ మొహాన కొడుతుంది. స్టీరింగ్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది. పైన రేకు, కింద ఇంజను, ఎదురుగా అద్దం. అద్దాలు దించితే వచ్చేది వడగాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. నీ బండి అంతకు ముందుది.

షెడ్డులో బంగినపల్లి కాయ గుట్టలుగా పోసి ఉంది. ఆడవాళ్లు కూర్చుని ఏరుతున్నారు. దెబ్బ తిన్న కాయ పక్కకి, ముచ్చిక ఊడిన కాయ పక్కకి. ముచ్చిక దగ్గర కారే సొన తగిలితే చర్మం కాలినట్టు మచ్చ పడుతుంది. అందుకే చేతులకి పాత గుడ్డలు చుట్టుకున్నారు. మగవాళ్లు ట్రేలు నింపి, పైన కాగితం పరిచి, భుజాన పెట్టుకుని లారీ ఎక్కిస్తున్నారు. గోడ మీద బోర్డులో ఇంకా కృష్ణా జిల్లా అనే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి నూజివీడు ఏలూరు జిల్లాలోది. బోర్డు మార్చే తీరిక సీజన్‌లో ఎవరికీ ఉండదు.

ఈ కాయ ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో దిగాలి. 1,800 కిలోమీటర్ల పైమాట. కోసిన కాయ కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. వేడి పుట్టిస్తుంది, రోజురోజుకీ పండుతుంది. గట్టిగా దిగితే ధర, మెత్తబడితే నష్టం. రైతుకి తొందర, షెడ్డువాళ్లకి తొందర, అక్కడ ఢిల్లీలో కొనేవాడికి తొందర. అందరి తొందరా చేరేది నీ కుడికాలి కిందికే.

నువ్వు పొద్దున ఐదింటికి లేచావు. బండి కడిగించి, టైర్లు చూసుకుని, పదింటికల్లా ఇక్కడ పెట్టావు. "రెండు గంటల్లో అయిపోద్ది, ఎక్కడికీ పోమాకయ్యా" అన్నాడు గుమస్తా. నాలుగు గంటలైంది. బండి సగం కూడా నిండలేదు.

నీకు దాహం వేయడం లేదు. ఒంట్లో బాగానే ఉందనుకుంటావు. షెడ్డు వెనక్కి వెళ్లి మూత్రానికి నిలబడితే చుక్కలు చుక్కలుగా, ముదురు పసుపు రంగులో, మంటగా వస్తుంది. పొద్దున్నుంచి నువ్వు తాగింది రెండు గ్లాసుల టీ. దారిలో ఆగాల్సి వస్తుందని నీళ్లు తగ్గించడం నీకు ఏళ్ల నాటి అలవాటు. నీ తోటి డ్రైవర్లలో కిడ్నీలో రాళ్లని ఆసుపత్రికి తిరిగేవాళ్లు నీకు తెలుసు. వాళ్లదీ ఇదే అలవాటు.

"బాబాయ్, ఆ మోకు అందుకో!" లోడు పైనుంచి క్లీనర్ కుర్రాడు కేకేస్తాడు. టైరు మీద కాలు పెట్టి పైకి లేస్తావు. పిక్క పట్టేస్తుంది. కండ రాయిలా బిగుసుకుంటుంది. కళ్ల ముందు ఒక్క క్షణం చీకటి. బాడీ పట్టుకుని వేలాడి, మెల్లగా కిందికి జారి, టైరు నీడలో కూలబడతావు.

చెమటతో పోయింది నీళ్లు ఒక్కటే కాదు, ఉప్పు కూడా. ఎదురుగా కొట్టు ఉంది. ఫ్రిజ్‌లో రంగు రంగుల కూల్‌డ్రింకులు చెమ్మ కారుతూ ఊరిస్తున్నాయి. వాటి పక్కనే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వేలాడుతున్నాయి. ఏది అడుగుతావు?

లీటరు నీళ్లకి సరిపోయే ప్యాకెట్ అడుగు. లీటరు సీసాలో మొత్తం కలుపు. అర లీటరులో చిక్కగా కలిపితే మేలుకి బదులు కీడు. గుక్క గుక్కగా తాగు. ప్యాకెట్ దొరకని చోట లీటరు మంచినీళ్లకి ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా కొలిచి కలిపితే చాలు. అది ఒళ్లు తూలినప్పటి మందు. నీకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి కాబట్టి రోజూ దాహానికి తాగాల్సింది మామూలు నీళ్లే. దాహం వేసేదాకా ఆగకుండా, గంటకోసారి.

కుర్రాడి వైపు కూడా చూడు. నడినెత్తిన ఎండలో, లోడు మీద, టోపీ లేకుండా ఉన్నాడు. దింపు. నీళ్లియ్యి. ఎండలో పని చేసే మనిషి మాట తడబడినా, పిలిస్తే వింతగా చూసినా, ఒళ్లు కాలిపోతున్నా ఇక ఆలోచించకు. నీడకి లాగు, బట్టలు వదులు చెయ్యి, ఒంటి మీద నీళ్లు పోసి విసురు, 108కి ఫోన్ చెయ్యి. వడదెబ్బలో నిమిషాలే ప్రాణం.

మూడయింది. షెడ్డు పక్కన మామిడి చెట్టు కింద నులకమంచం ఖాళీగా ఉంది. నీడ, కాస్త గాలి. ఇప్పుడు పడుకుంటే ఏడింటిదాకా నాలుగు గంటలు నిద్ర. కానీ ట్రేల లెక్క తేడా వస్తే డబ్బు నీ బత్తాలోంచి పోతుంది. పడుకుంటావా, లెక్క చూసుకుంటావా?

లెక్క చూసుకుంటావు. ఏళ్లుగా అదే చేస్తున్నావు. అవతల తెల్లవారుజామున జరగబోయేది ఇక్కడ, ఈ ఖాళీ మంచం దగ్గర మొదలైంది.

రాత్రి ఎనిమిదిన్నర. పట్టా కప్పారు. గాలి ఆడేలా పక్కల సందు వదిలి మోకులు బిగించారు. కాగితాలు చేతికొచ్చాయి. ఇంటి నుంచి ఫోన్. "ఏవండీ, షుగరు మాత్ర వేసుకున్నారా?"

మాత్ర జేబులోనే ఉంది. ఇప్పుడే మింగేసి, తిండి సంగతి దారిలో ఢాబా దగ్గర చూసుకుందామని చెయ్యి జేబులోకి పోతుంది. ఆగు. కొన్ని షుగరు మాత్రలు వేసుకుని అన్నం తినకపోతే గంట రెండు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, చూపు మసకేస్తుంది. స్టీరింగ్ వెనక అది వస్తే నువ్వు గుర్తుపట్టేలోపే బండి గీత దాటుతుంది. నీ మాత్ర ఎలాంటిదో డాక్టరునే అడిగి తెలుసుకో. ఈలోగా ముందు అన్నం, డాక్టరు చెప్పిన వేళకి మాత్ర. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలు వేసుకో, వణుకు మొదలైతే వెంటనే నోట్లో వేసుకోవడానికి.

టిఫిన్ డబ్బా విప్పి షెడ్డు అరుగు మీదే తింటావు. కడుపు నిండా కాదు, ముప్పాతిక. రాత్రి నడిపేవాడికి బిర్యానీ పొట్లం నిద్రమాత్రతో సమానం.

తొమ్మిది. బండి కదిలింది.

తోటల మధ్య చీకటి. లైట్ల వెలుగులో రెండు పక్కలా కాయ బరువుకి వంగిన కొమ్మలు. మైలవరం దాటేసరికి పది గంటలు. నువ్వు లేచి పదిహేడు గంటలైంది. నీకేమీ తేడా తెలియదు. ఇబ్రహీంపట్నం దగ్గర హైదరాబాద్ హైవే ఎక్కుతావు. చల్లగాలి తగిలి హాయిగా ఉంటుంది. పాట పెడతావు. కుర్రాడు పక్క సీట్లో అప్పుడే తల వాల్చేశాడు.

నందిగామ. చిల్లకల్లు టోల్‌గేటు. కోదాడ. నడుము కింద ఎముక నొప్పి మొదలైంది. వెనక జేబులో పర్సు ఉంది. దాని మీదే ఇన్ని గంటలు పక్కకి ఒరిగి కూర్చున్నావు. తీసి డాష్‌బోర్డు మీద పడేస్తావు. సీటు కాస్త ముందుకి జరుపుతావు. ఇప్పుడు క్లచ్ చివరిదాకా తొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉంటోంది, వీపు సీటుకి ఆనుతోంది. రెండు నిమిషాల్లో నొప్పి తగ్గింది. ఇన్నేళ్లుగా నడుముకి బామ్ రాసుకుంటూ వచ్చావు. చెయ్యాల్సింది పర్సు తీయడం.

రెండు గంటలు. సూర్యాపేట. స్టీరింగ్ పట్టి ఐదు గంటలైంది. ఐదు గంటలకి మించి ఏకబిగిన నడపకూడదని, నడుమ కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. రోజుకి ఎనిమిది గంటలు, దూరపు రూట్లలో మహా అయితే పది అని ఆ చట్టంలో ఉండేది. ఇవాళ్టి పనికీ రేపటి పనికీ మధ్య తొమ్మిది గంటల తెరిపి. ఈ నియమాలు రాసినవాళ్లు మనిషి ఒంటిని లెక్కలోకి తీసుకునే రాశారు.

రోడ్డు పక్కన టీ కొట్లు వెలుగుతున్నాయి. లారీలు వరసగా ఆగి ఉన్నాయి. నీ కాలు యాక్సిలరేటర్ మీద కొంచెం తేలికవుతుంది. ఇక్కడ ఆగుదామా?

ఫోన్ మోగుతుంది. షెడ్డు గుమస్తా. "ఎక్కడున్నావ్? ఇంకా సూర్యాపేటేనా?"

కాలు మళ్లీ బరువెక్కుతుంది. సూర్యాపేట వెనక్కి పోయింది.

ఆవలింత. ఇంకొకటి. కళ్లలో ఇసుక పడ్డట్టు మంట. అద్దం పూర్తిగా దించుతావు. మొహాన నీళ్లు కొట్టుకుంటావు. పాట పెంచుతావు. డాష్‌బోర్డు మీద కుర్రాడి గుట్కా పొట్లం ఉంది. చేతిలోకి తీసుకుంటావు. నీతో పాటు బండి నేర్చుకున్నవాళ్లలో ఒకాయన నోరు ఇప్పుడు మూడు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోదు. దవడ లోపల బిగుసుకుపోయింది. అది క్యాన్సర్‌కి ముందు మెట్టు. పొట్లం కిటికీలోంచి విసిరేస్తావు.

గాలి, నీళ్లు, పాట ఇచ్చిన మెలకువ నాలుగు నిమిషాలు నిలిచింది. మళ్లీ తూగు.

రెండూ ముప్పావు. కొర్లపహాడ్ టోల్‌గేటు. కర్ర పైకి లేవడం గుర్తుంది.

ఆ తర్వాత కిలోమీటరు గుర్తు లేదు.

ఎలా వచ్చావు ఇక్కడికి? కళ్లు తెరిచే ఉన్నాయి కదా? ఇరవై రెండు గంటలుగా మెలకువగా ఉన్న మెదడు నిన్ను అడక్కుండానే ఆగిపోతుంది. రెండు సెకన్లు. నాలుగు సెకన్లు. నువ్వు పడుకున్నానని కూడా నీకు తెలియదు.

నకిరేకల్ బోర్డు. స్పీడు అరవై.

తల బరువు.

రెప్ప పడింది.

గరగర. ఎడమ టైరు కింద కంకర.

తెరిచావు.

ఎదురుగా నల్లగా ఏదో. లైటు లేదు. రిఫ్లెక్టరు లేదు.

లారీ. ఆగి ఉన్న లారీ.

బ్రేకు.

పాతిక టన్నులు. ఆగదు.

కుడికి. కొంచెమే. ఎక్కువ తిప్పితే బోల్తా.

వెనక హారన్. అద్దం నిండా బస్సు లైట్లు.

ఆ లారీ మూల నీ క్యాబిన్ పక్కనుంచి జారిపోతుంది. అద్దం విరిగిన చప్పుడు. కుర్రాడి అరుపు.

దాటావు.

బస్సు కుడివైపు నుంచి హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. నీ చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అరవై స్పీడులో నాలుగు సెకన్లంటే దాదాపు 67 మీటర్లు. అంత దూరం ఈ బండిని ఎవరూ నడపలేదు.

"బాబాయ్, ఆపేద్దాం" అంటాడు కుర్రాడు. గొంతు వణుకుతోంది.

ఇప్పుడు నిర్ణయం నీది. నిద్ర ఎగిరిపోయిందనిపిస్తుంది. కళ్లు పెద్దవిగా తెరుచుకున్నాయి, ఒళ్లంతా మెలకువ. హైదరాబాద్ ఇంకో వంద కిలోమీటర్లు. ఒక్క ఊపులో పోవచ్చనిపిస్తుంది. నమ్మకు. అది భయం ఇచ్చిన మెలకువ. కాసేపట్లో దిగిపోతుంది, దిగాక నిద్ర మరింత గట్టిగా లాగుతుంది.

ఆపాలి. ఎక్కడ? ఇక్కడే అంచున కాదు. ఇప్పుడు నువ్వు తప్పించుకున్న లారీ కూడా అలా అంచున ఆగిందే. ఇండికేటర్లు నాలుగూ వేసి, స్పీడు తగ్గించి, కుర్రాణ్ని మాట్లాడుతూనే ఉండమని, ముందున్న పెట్రోలు బంకు దాకా మెల్లగా లాగు. బంకులోకి తిప్పు. రోడ్డు నుంచి పూర్తిగా లోపలికి, లైటు కింద. హ్యాండ్ బ్రేకు. ఇంజను ఆపు. తాళం తీసి కుర్రాడి చేతిలో పెట్టు.

ముందు 1033కి ఫోన్ చేయించు. జాతీయ రహదారుల సహాయ నంబరు. కొర్లపహాడ్ గేటు దాటాక లైట్లు లేకుండా లారీ ఆగి ఉందని చెప్పించు. వెనక వచ్చేవాడు నీ అంత అదృష్టవంతుడు కాకపోవచ్చు.

కాళ్లు నేల మీద ఆనడం లేదు. టీ తాగుతావు. తాగలేదు కదా, మందు చుక్క ముట్టలేదు కదా, ఇలా ఎందుకయింది?

పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చేతులూ కళ్లూ ఎంత నెమ్మదిగా పని చేస్తాయో పరిశోధకులు కొలిచి చూశారు. రక్తంలో వంద మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని తేలింది. మన చట్టం ఒప్పుకునేది 30. అంటే మైలవరం దాటేసరికే నువ్వు కేసు రాయాల్సిన తాగుబోతు కన్నా మెరుగ్గా లేవు. ఇరవై నాలుగు గంటలు నిద్ర లేకపోతే 100కి చేరినట్టే. పోలీసు ఊదమనే గొట్టం దాన్ని పట్టుకోలేదు. దానికి తోడు రాత్రి రెండు నుంచి ఐదు దాకా మనిషి ఒంట్లోని గడియారం నిద్రనే కోరుకుంటుంది. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఆ గడియారం మారదు.

తాగిన టీ పని చేయడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. తాగిన వెంటనే కళ్లు మూసి ఇరవై నిమిషాలు కునుకు తీస్తే రెండూ కలిసి కొంచెం తెరిపినిస్తాయి. అది సరైన చోటు చేరేదాకా పనికొచ్చే ఉపాయం. ఇవాళ నీ బాకీ ఇరవై నిమిషాలతో తీరేది కాదు. సీటు వెనక చాప పరుచు. అద్దాలు వేళ్లు పట్టేంత దించు. పడుకో.

ఐదున్నరకి మళ్లీ గుమస్తా ఫోన్. చీకటి పలచబడుతోంది.

"ఎక్కడున్నావయ్యా? హైదరాబాద్ దాటావా?"

"నకిరేకల్ దగ్గరండీ. పడుకున్నాను."

"పడుకున్నావా? లోడు మాటేంటి?"

గొంతు తగ్గించకు, పెంచకు. జరిగింది చెప్పు. "నిద్రలో ఆగిన బండిని గుద్దబోయానండీ. ఎనిమిదింటికి బయల్దేరతాను. ఐదు గంటలకి కాయ మెత్తబడదు. నేను పోతే కాయ, బండి, నేను ముగ్గురం ఇక్కడే ఉండేవాళ్లం."

అవతల మౌనం. తర్వాత, "సరే. నిదానంగా రా."

మళ్లీ పడుకో.

ఎనిమిది. ఎండ అప్పుడే ఎక్కుతోంది. మొహం కడుక్కుని బండి చుట్టూ నడుస్తావు. ఒక చుట్టు టైర్ల కోసం, ఇంకో రెండు చుట్లు నీ కోసం. మడమలు ఎత్తి దించుతావు, నడుము వెనక్కి వంచుతావు. గంటల తరబడి వేలాడిన కాళ్లలో రక్తం పేరుకుంటుంది. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, ముట్టుకుంటే నొప్పి, వేడి ఉంటే అది అలసట కాకపోవచ్చు. లోపల గడ్డ కట్టిన రక్తం కావచ్చు. నాటు పిసుకుడు వద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇవాళ నీ రెండు కాళ్లూ బాగున్నాయి. ఐదు లీటర్ల క్యాన్ నింపుకుంటావు. విరిగిన అద్దానికి బదులు దారిలో కొత్తది బిగించుకుని మరీ హైదరాబాద్ వైపు సాగుతావు. ఆదిలాబాద్, నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా ఇంకా ముందున్నాయి. ప్రతి నాలుగు గంటలకీ ఆగుతావు. రాత్రి రెండు నుంచి ఐదు దాకా బండి కదలదు. ఆ నియమం ఇవాళ్టి నుంచి నీది.

జూన్ నెల చివరికి తోటలు ఖాళీ అవుతాయి. లోడ్లు తగ్గుతాయి. ఇంటి పట్టున ఉంటావు. నూజివీడు ఏరియా ఆసుపత్రి చీటీ వరసలో నిలబడు. 2019 సవరణ తర్వాత లారీ లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతోంది. అప్పుడు డాక్టరు ఫారం 1ఏ మీద సంతకం పెట్టాలి. ఐదేళ్లు ఆగొద్దు. ఏడాదికోసారి వెళ్లు. చేతికి పట్టీ బిగిస్తారు. నీ సంగతి నీకు తెలుసు, తెలియని తోటి డ్రైవర్లకి చెప్పు: 140/90, ఆ పైన పదే పదే చూపిస్తే అది బీపీ. పరగడుపున రక్తం తీస్తారు. 126, ఆ పైన ఉంటే షుగరు. కళ్ల పరీక్షలో ఎదురు బండి లైటు చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయని చెప్పు. అది శుక్లం కావచ్చు. ఇంట్లోవాళ్లని కూడా వెంట తీసుకెళ్లు. నువ్వు గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తావని చెప్పగలిగేది వాళ్లే. అది ఉంటే ఎనిమిది గంటలు పడుకున్నా స్టీరింగ్ మీద నిద్ర వస్తుంది. దానికి చికిత్స ఉంది. హెచ్‌ఐవీ లాంటి, బయటివాళ్లకి చెప్పుకోలేని జబ్బేదైనా అంటుకుందేమోనని భయముంటే 1097కి ఫోన్ చెయ్యి. పేరు అడక్కుండా దారి చెబుతారు.

పాతికేళ్లు, ముప్పై ఏళ్లు ఈ పని చేసి నిటారుగా నడుస్తూ ఇంటికి చేరినవాళ్లు ప్రతి ఊళ్లోనూ కొందరున్నారు. వాళ్ల ఒళ్లు ఉక్కుతో చేసింది కాదు. నీళ్లు తాగారు, వేళకి తిన్నారు, నిద్ర వచ్చినప్పుడు బండి ఆపారు. ఆపడం కూడా డ్రైవరు పనిలో భాగమే.

ఒక్క డ్రైవరు వల్ల అయ్యేది ఇంతవరకే. ఢిల్లీ లోడుకి రెండో డ్రైవరుని పెట్టాల్సింది బండి యజమాని. లోడు ఎక్కేటప్పుడు డ్రైవరుకి నీడలో మంచం చూపించి, ట్రేల లెక్క మేం చూస్తాం పడుకోమనాల్సింది షెడ్డువాళ్లు. తోట యజమానులకీ, షెడ్లవాళ్లకీ, కమీషన్ వ్యాపారులకీ ఒకటే విన్నపం: ఈసారి డ్రైవరుకి ఫోన్ చేసినప్పుడు ఎక్కడున్నావని అడిగే ముందు, పడుకున్నావా అని అడగండి. లేదంటే, పడుకుని రమ్మనండి.